జీ జన్యువులో దాగిన 72 అక్షరాలు: శిశువుల న్యుమోనియా వైరస్‌లపై ప్రాజెక్టు డైరీ

1వ వారం

మొదటి పెట్టె ఈ రోజు వచ్చింది. మూత తీయగానే మంచు ప్యాకుల మధ్య వరుసగా నిలబెట్టిన గొట్టాలు, ఒక్కో దానిలో కాస్త గులాబీ రంగు ద్రవం, అందులో విరిచి వదిలిన స్వాబ్ కొన. గొట్టం మీద సంకేత సంఖ్య, నమూనా తీసిన తేదీ, నెలల్లో వయసు. అంతే. పేరు ఉండదు, ఉండకూడదు. అయినా "2 నెలలు" అని రాసిన గొట్టం చేతికి వచ్చినప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

మేము తలపెట్టిన పని ఇది. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన ఏడాదిలోపు పిల్లల ముక్కు లోతుల్లోంచి తీసిన నమూనాల్లో ఏ వైరస్‌లు ఉన్నాయో చూడాలి. ఆ తరువాత ఒక్కో వైరస్‌లో ఎన్ని జన్యు రకాలు తిరుగుతున్నాయో తేల్చాలి. మొదటి ప్రశ్నకు పీసీఆర్ యంత్రం, అంటే వెతికే జన్యు ముక్కను చుట్టు చుట్టుకూ రెట్టింపు చేసి పట్టుకునేది, ఒక పూటలో జవాబు చెబుతుంది. ఈ డైరీ రాయడం మొదలుపెట్టింది రెండో ప్రశ్న కోసం.

పిల్లల్ని ఎంచుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలతలే తీసుకున్నాం. 2 నెలలలోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీసుకుంటే, 2 నుంచి 12 నెలల బిడ్డ అయితే 50 లేదా అంతకు మించి తీసుకుంటే, అది వేగంగా ఊపిరి తీసుకోవడం. డొక్కలు ఎగరేస్తుంటే తీవ్రత ఇంకా ఎక్కువ. ఈ వయసులో ఊపిరితిత్తుల చివరి గాలిగొట్టాలు ఎంత సన్నగా ఉంటాయంటే, కాస్త వాపు వచ్చినా, కాస్త కఫం చేరినా దారి మూసుకుపోతుంది. పెద్దవాళ్లకు జలుబుగా వచ్చి పోయే వైరస్ ఇక్కడ ఆక్సిజన్ దాకా తీసుకువస్తుంది.

పని మొదలుపెట్టే ముందు అందరం కలిసి పెర్చ్ అధ్యయనాన్ని మరోసారి చదివాం. బంగ్లాదేశ్, థాయిలాండ్, కెన్యా, మాలి, గాంబియా, జాంబియా, దక్షిణాఫ్రికా, ఇలా 7 దేశాల్లో, 5 ఏళ్లలోపు పిల్లల్లో తీవ్రమైన న్యుమోనియాకు కారణాలు వెతికిన పని అది. 2019లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, హెచ్‌ఐవీ లేని, ఎక్స్‌రేలో న్యుమోనియా తేలిన పిల్లల్లో సుమారు 61 శాతం కేసులకు వైరస్‌లే కారణం. ఒక్క ఆర్‌ఎస్‌వీయే, అంటే రెస్పిరేటరీ సిన్సిషియల్ వైరస్, 31 శాతం. అదే 2019లో ప్రపంచమంతటా ఆర్‌ఎస్‌వీ వల్ల 5 ఏళ్లలోపు పిల్లలు లక్ష మందికి పైగా చనిపోయారని మరో పెద్ద లెక్క తేల్చింది. ఆ మరణాల్లో 97 శాతానికి పైగా తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనివే.

2వ వారం

ఆర్‌ఎన్‌ఏ, అంటే ఈ వైరస్‌లలో చాలావాటి జన్యు పదార్థం, వేరుచేయడం మొదలైంది. ప్రతి నమూనాలో వైరస్ కోసం వెతికే ముందు మనిషి జన్యువు ఒకటి, ఆర్‌నేజ్ పీ, ఉందో లేదో చూస్తాం. అది కనిపిస్తే స్వాబ్‌కు బిడ్డ కణాలు అంటుకున్నాయన్నమాట. కనిపించకపోతే ఆ గొట్టంలో వైరస్ లేదని చెప్పే హక్కు మనకు లేదు.

తొలి విడతలో నాలుగు గొట్టాల్లో అది కనిపించలేదు. నాలుగూ 3 నెలలలోపు పిల్లలవి. వార్డుకు వెళ్లి, స్వాబ్‌లు తీసే సిస్టర్‌ను అడిగాను. కంప్యూటర్ ముందు నెల రోజులు కూర్చున్నా అర్థం కాని సంగతిని ఆమె రెండు మాటల్లో చెప్పారు.

"ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డకు గొట్టం పక్కకు జరిపి స్వాబ్ పెట్టాలండీ. రంగు మారుతుందేమోనని భయం. లోపలికి పోయిందో లేదో చూసుకునేలోపే తీసేస్తాను."

ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు, రాకూడదు కూడా. ముక్కు రంధ్రం నుంచి చెవి వరకు ఉన్న దూరంలో సగం లోతుకు స్వాబ్ వెళ్లాలని పుస్తకాల్లో ఉంటుంది. తల తిప్పేసుకుంటూ, ఏడుస్తూ, ఊపిరి కోసం పెనుగులాడుతున్న రెండు నెలల బిడ్డ దగ్గర ఆ కొలత పాటించడం వేరే సంగతి. డాక్టరుతో మాట్లాడి ఒక నిర్ణయం తీసుకున్నాం: చికిత్సలో భాగంగా కఫం తీసినప్పుడు వచ్చే స్రావాన్నే, తల్లిదండ్రుల అనుమతితో, నమూనాగా తీసుకుంటాం. బిడ్డను మా కోసం రెండోసారి ముట్టుకోనక్కరలేదు. అనుమతి పత్రం కొత్తగా రాసి నైతికత సంఘానికి పంపాను. జవాబు వచ్చేవరకు కొత్త నమూనాలు ఆగుతాయి. ఆగనీ.

ఆ నాలుగు గొట్టాలను "వైరస్ లేదు" వరుసలో రాయలేదు. "తెలియదు" అని వేరే వరుస పెట్టాను.

4వ వారం

పీసీఆర్ ఫలితాలు వచ్చాయి. ఆర్‌ఎస్‌వీ, రైనోవైరస్, మెటాన్యుమోవైరస్, పారాఇన్‌ఫ్లుయెంజా 3, అడెనోవైరస్, బోకావైరస్ అన్నీ తగిలాయి. కొన్ని గొట్టాల్లో రెండేసి, మూడేసి వైరస్‌లు.

కొత్తగా చేరిన అమ్మాయి పట్టికను చూసి సంబరపడింది. ఆ ఉత్సాహం నాకు నచ్చింది, కానీ పట్టికను అలాగే నమ్మనివ్వలేదు. రైనోవైరస్ ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కుల్లోనూ తరచుగా కనిపిస్తుంది. 2005లో స్వీడన్‌లో కనుగొన్న బోకావైరస్ అయితే జబ్బు తగ్గాక కూడా వారాలు, కొన్నిసార్లు నెలల పాటు డీఎన్‌ఏ వదులుతూనే ఉంటుంది. పెర్చ్ అధ్యయనంలో జబ్బు లేని పిల్లల నమూనాలు 5 వేలకు పైగా తీసింది అందుకే. ఆర్‌ఎస్‌వీ సంగతి వేరు. జబ్బు లేని బిడ్డలో అది అరుదు. అది దొరికితే దోషిని పట్టుకున్నట్టే దాదాపు.

సీటీ విలువలను పక్కనే రాసుకోమన్నాను. ఎన్నో చుట్టు దగ్గర సంకేతం పైకి లేచిందో చెప్పే సంఖ్య అది. ఎంత తక్కువైతే నమూనాలో వైరస్ అంత ఎక్కువ, 3.3 చుట్ల తేడా అంటే సుమారు పది రెట్ల తేడా. ఒకే గొట్టంలో ఆర్‌ఎస్‌వీ 19 దగ్గర, బోకావైరస్ 36 దగ్గర ఉంటే, రెండింటినీ పట్టికలో ఒకే గుర్తుతో చూపడం అన్యాయం. స్వాబ్ లోతు కూడా ఈ సంఖ్యను మారుస్తుంది కాబట్టి ఒక బిడ్డను మరో బిడ్డతో పోల్చడానికి దీన్ని వాడం. ఒకే గొట్టంలో ఉన్న రెండు వైరస్‌ల మధ్య మాత్రం ఇది చాలా చెబుతుంది.

5వ వారం

ఈ వారం జెల్ మీద, అంటే జన్యు ముక్కలను పొడవును బట్టి విడదీసే పలక మీద, కళ్లు ఆగిపోయాయి.

ఆర్‌ఎస్‌వీ జన్యుక్రమం సుమారు 15,200 అక్షరాల పొడవు; అక్షరం అంటే జన్యు సంకేతంలో ఒక గుర్తు. 10 జన్యువులు, 11 ప్రోటీనులు. కణానికి అతుక్కోవడానికి వాడే జీ ప్రోటీను, కణంలోకి దూరడానికి వాడే ఎఫ్ ప్రోటీను, ఈ రెండే మా పనిలో ముఖ్యమైనవి. ఎఫ్ పెద్దగా మారదు. జీ మాత్రం మారుతూనే ఉంటుంది. దాని మధ్యలో ఒక చిన్న స్థిరమైన భాగం, దానికి అటూ ఇటూ చక్కెర అణువులు దట్టంగా పూసుకున్న రెండు చంచలమైన భాగాలు. మన శరీరం తయారుచేసే ప్రతిరక్షకాల (యాంటీబాడీల) ఒత్తిడి పడేది ఎక్కువగా అక్కడే. అందుకే ఆర్‌ఎస్‌వీ రకాలను తేల్చడానికి ఏళ్ల తరబడి జీ జన్యువు రెండో చంచల భాగాన్నే చదువుతూ వచ్చారు.

మేమూ దాన్నే పెంచి జెల్ మీద నడిపాం. రోజూ నడిపేదానికంటే గంట ఎక్కువసేపు వదిలేశాను, గీతలు బాగా విడిపోవాలని. ఆర్‌ఎస్‌వీలో ఎ, బి అని రెండు ఉపరకాలు. చూస్తే ఎ ఉపరకం గీతలు ఒకే ఎత్తులో లేవు. ఎక్కువ భాగం కాస్త పైన, ఒక్కటి మాత్రం కింద. అంటే పైన ఉన్నవి ఆ ఒక్కదానికంటే పొడవైన ముక్కలు.

దీని కథ తెలిసిందే అయినా, సొంత జెల్‌లో చూడటం వేరు. 2010–11 శీతకాలంలో కెనడాలోని ఒంటారియోలో తీసిన నమూనాల్లో మొదటిసారి కనిపించిందది. ఎ ఉపరకం ఆర్‌ఎస్‌వీ తన జీ జన్యువులోని 72 అక్షరాల భాగాన్ని మరోసారి రాసుకుంది. 72ను 3తో భాగిస్తే శేషం లేదు కాబట్టి తరువాతి వాక్యం చెడలేదు; ప్రోటీనుకు 24 అమైనో ఆమ్లాలు మాత్రం కలిశాయి. దానికి ఓఎన్1 అని పేరు పెట్టారు. కొన్నేళ్లలోనే అది పాత రకాలను పక్కకు నెట్టి ప్రపంచమంతా పాకింది. బి ఉపరకంలో ఇలాంటిదే అంతకు ముందే జరిగింది. 1999లో బ్యూనస్ ఎయిరిస్‌లో 60 అక్షరాల పునరావృతం, 20 అమైనో ఆమ్లాలు. దాన్ని బీఏ అన్నారు. అదీ ఇలాగే పాత బి రకాలను తోసేసింది.

ఒక వైరస్ తన వాక్యంలో ఒక ముక్కను రెండుసార్లు రాసుకుని, ఆ పొరపాటుతోనే ప్రపంచమంతా పాకడం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే. పైగా రెండు ఉపరకాలు వేరువేరుగా, దాదాపు అదే చోట, అదే పని చేశాయి.

కింద ఉన్న ఒక్క గీతను ఎర్ర సిరాతో గుర్తుపెట్టాను. పునరావృతం లేని పాత రకమా, లేక గీత వంకరగా నడిచిందా అన్నది పూర్తి జన్యుక్రమం చదివాకే తేలుతుంది.

6వ వారం

రైనోవైరస్ వంతు.

ఇందులో ఎ, బి, సి అని మూడు జాతులు, అన్నీ కలిపి 160కి పైగా రకాలు. సి జాతి ఉందని 2006 దాకా ఎవరికీ తెలియలేదు. కారణం సూటిగా ఉంది: మామూలు కణ వర్ధనంలో అది పెరగదు. పళ్లెంలో పెరిగినవాటినే చూస్తున్నంతకాలం, పెరగనిది లేనట్టే లెక్క. జన్యుక్రమం చదవడం మొదలయ్యాకే అది బయటపడింది. కణానికి అతుక్కోవడానికి సి జాతి వాడుకునే గ్రాహకం సీడీహెచ్‌ఆర్3 అని 2015లో తేలింది.

రైనోవైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ సాధారణంగా జన్యుక్రమం మొదట్లోని 5 ప్రైమ్ భాగాన్ని పట్టుకుంటుంది. ఎందుకంటే అది అన్ని రకాల్లో దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ ముక్కే చేతిలో ఉంది కదా అని దాన్నే చదివి రకం రాయాలనిపిస్తుంది. మొదటి రోజు కొత్తగా చేరిన ఆ అమ్మాయి అలాగే చేసింది, నేనూ సరే అన్నాను. తప్పు నాదే. కొన్ని సి రకాలు ఎప్పుడో ఎ జాతి నుంచి ఆ 5 ప్రైమ్ భాగాన్ని తెచ్చుకున్నాయి. అక్కడ చూస్తే ఎ, తరువాతి ప్రోటీను భాగం చూస్తే సి. వీపీ4, వీపీ2 అనే ప్రోటీనుల ప్రాంతాన్ని పెంచి మళ్లీ చదివితే, మేము ఎ అని రాసుకున్న వాటిలో రెండు సి వైపు వెళ్లాయి. పట్టిక మొత్తం చెరిపి మళ్లీ రాశాం.

ఇంకో గొట్టం ఇంకా దూరం తీసుకెళ్లింది. పీసీఆర్ రైనోవైరస్ అంది. చదివిన క్రమం ఏ రైనోవైరస్‌తోనూ సరిపోలేదు. సరిపోయింది ఎంటెరోవైరస్ డి68తో. ఇవి దగ్గరి బంధువులు కాబట్టి ప్రైమర్లు, అంటే పీసీఆర్‌లో వైరస్ క్రమానికి అతుక్కునే చిన్న జన్యు ముక్కలు, ఒక్కోసారి దీన్నీ పట్టుకుంటాయి. డి68ను మొదట వేరుచేసింది 1962లో కాలిఫోర్నియాలో, బ్రాంకియోలైటిస్ (సన్న గాలిగొట్టాల వాపు), న్యుమోనియా వచ్చిన నలుగురు పిల్లల నుంచే. రైనోవైరస్ 87 అని చాలాకాలం పిలిచినది కూడా ఇదేనని తరువాత తేలింది. ఈ వైరస్ కొందరు పిల్లల్లో కాళ్లూ చేతులూ చచ్చుబడటంతో ముడిపడి ఉంది కాబట్టి, డాక్టరుకు ఆ సాయంత్రమే ఫోను చేశాను. బిడ్డ వారం క్రితమే ఇంటికి వెళ్లిందని, బలహీనత ఏదీ లేదని, అయినా రేపు పిలిపించి చూస్తామని అన్నారు. మరునాడు మధ్యాహ్నం రెండో ఫోను వచ్చింది: బిడ్డ బాగానే ఉంది. అప్పటివరకు పైపెట్ సరిగా పట్టుకోలేకపోయాను.

8వ వారం

ఆర్‌ఎస్‌వీ పూర్తి జన్యుక్రమాలు చదవడం మొదలుపెట్టాం. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, 15,200 అక్షరాలనూ ఒకదాని అంచు మీద ఒకటి పడేలా చిన్న చిన్న ముక్కలుగా పెంచి, ఒక్కో బిడ్డ నమూనాకు ఒక్కో బార్‌కోడ్ తగిలించి, అన్నింటినీ కలిపి నానోపోర్ అనే జన్యుక్రమం చదివే యంత్రంలో వేస్తాం. ఒక పళ్లెంలో 96 గుంటలు. అందులో రెండు ఖాళీ కంట్రోళ్లకు: ఒకటి ఆర్‌ఎన్‌ఏ తీసేటప్పుడు నీళ్లతో మొదలుపెట్టినది, ఒకటి పీసీఆర్ దగ్గర నీళ్లు వేసినది.

సీటీ 25 లోపు ఉన్నవి చక్కగా వచ్చాయి. 30 దాటినవి చిల్లుల జల్లెడలా వచ్చాయి. అది ఊహించిందే. ఊహించనిది మరొకటి ఉంది: వైరస్ పుష్కలంగా ఉన్న నమూనాల్లోనూ రెండు ముక్కలు మాత్రం పదే పదే రాలేదు. ఒకటి జీ జన్యువు దగ్గర. ప్రైమర్ అతుక్కునే చోట వైరస్ అక్షరం మారిందేమోనని ప్రజా డేటాబేసుల్లోని ఇటీవలి క్రమాలన్నీ దించి ప్రైమర్ పక్కన పెట్టి చూశాం. ప్రైమర్ 3 ప్రైమ్ కొస (ఎంజైము పొడిగించే కొస) నుంచి రెండో అక్షరం దగ్గర తేడా. అక్కడ తేడా ఉంటే ఎంజైము పని మొదలుపెట్టడమే కష్టం. ఆ అక్షరానికి సరిపోయే ప్రైమర్‌ను అదనంగా కలిపితే ఆ ముక్క తిరిగి వచ్చింది.

అంటే మా వల మారని వైరస్‌ను బాగా పట్టి, మారినదాన్ని వదిలేస్తోంది. వైవిధ్యం కోసమే వెతుకుతున్నవాళ్లకు ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఉండదు.

9వ వారం

ఈ వారంలో చాలా రాయాలి.

డేటా చూసే సహచరుడు పూర్తయిన క్రమాల జాబితా పంపారు. ఎ ఉపరకం క్రమాల్లో ఒక్కదానిలోనూ 72 అక్షరాల పునరావృతం లేదు. ఒక్కదానిలోనూ. అన్నీ పాత రకాల్లా ఉన్నాయి. 5వ వారం జెల్ ఫోటో తీసి బల్ల మీద పెట్టాను. గీతలు పైనే ఉన్నాయి. కాగితం అబద్ధం చెప్పడం లేదు. మరి కంప్యూటర్?

రెండు రోజులు వెనక్కి నడిచాం. పచ్చి రీడ్‌లు, అంటే యంత్రం నేరుగా చదివిన ముక్కలు, తెరిచి చూస్తే 72 అక్షరాలు అక్కడే ఉన్నాయి, చెక్కుచెదరకుండా. పోయింది తరువాతి మెట్టులో. మా ప్రోగ్రాము ప్రతి రీడ్‌ను ఒక ప్రామాణిక క్రమానికి ఎదురుగా పేర్చుతుంది. ఆ ప్రామాణికం ఎ2 అనే రకం. 1961లో వేరుచేసింది. పునరావృతం పుట్టడానికి దాదాపు అర్ధశతాబ్దం ముందుది. దాని ఎదుట నిలబెడితే కొత్త 72 అక్షరాలు చోటులేని అదనపు ముక్కలా కనిపిస్తాయి. నానోపోర్ యంత్రం ఒకే అక్షరం వరుసగా వచ్చే చోట్ల ఒకటీ రెండూ అక్షరాలు ఎక్కువ తక్కువ చదువుతుంది కాబట్టి, అలాంటి అదనాలను నమ్మవద్దని మేమే ఒక నిబంధన పెట్టాం. ఒక అక్షరం తప్పును తీసెయ్యడానికి పెట్టిన ఆ కత్తెర 72 అక్షరాల నిజాన్ని కూడా కత్తిరించేసింది.

నాకు భయం వేసింది. జెల్ ఆ రోజు గంట ఎక్కువ నడపకపోయి ఉంటే? ఈ క్రమాలను అలాగే డేటాబేసులో పెట్టి, ఈ పిల్లల్లో పాత రకాలు తిరిగి వచ్చాయని రాసేవాళ్లం. దాన్ని చదివి ఇంకెవరో దాని మీద మరో పని కట్టేవారు.

సరిచేసిన తీరు రాసి పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తుందని. ముందుగా ప్రతి నమూనా రీడ్‌లను పునరావృతం ఉన్న, లేని రెండు రకాల ప్రామాణికాలతోనూ పోల్చి, ఏది దగ్గరో దానితోనే పేరుస్తున్నాం. పెద్ద చొప్పింపులకు, ఒక అక్షరం చొప్పింపులకు వేరు వేరు నిబంధనలు పెట్టాం. జీ జన్యువును అమైనో ఆమ్లాలుగా మార్చి, మధ్యలో వాక్యం తెగిందేమో ప్రతిదీ కంటితో చూస్తున్నాం. పునరావృతం 72కు బదులు 71 అని వస్తే అది వైరస్ తప్పు కాదు, చదివిన యంత్రం తప్పు అని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. మెటాన్యుమోవైరస్ జీ జన్యువులోనూ 180, 111 అక్షరాల పునరావృతాలు ఉన్న రకాలు తిరుగుతున్నాయి కాబట్టి దానికీ ఇదే పద్ధతి.

మళ్లీ నడిపాం. పునరావృతాలన్నీ తిరిగి వచ్చాయి. ఎర్ర సిరా గుర్తు పెట్టిన ఆ ఒక్క నమూనాలోనూ వచ్చింది. ఆ రోజు గీతే వంకరగా నడిచింది. పాత రకం దొరికిందని ఆశపడినందుకు కొంచెం నిరాశ. కానీ ఇదే నిజం.

ఇదే ప్రోగ్రాములో మరో లోపం కూడా దొరికింది. చదవలేకపోయిన చోట "ఎన్" అని ఖాళీ పెట్టాల్సింది, ప్రామాణిక క్రమంలోని అక్షరాన్ని తెచ్చి నింపుతోంది. అందుకే సీటీ ఎక్కువగా ఉన్న నమూనాలన్నీ వంశవృక్షంలో ఒకే కొమ్మ మీద, 1961 నాటి వైరస్ పక్కన గుంపుగా చేరాయి. చూడటానికి ఎంతో అందమైన కొమ్మ. అది మా ఖాళీలతో కట్టిన కొమ్మ. ఇప్పుడు 20 కంటే తక్కువ రీడ్‌లు పడిన ప్రతి చోటా ఎన్ ఉంది. క్రమాలు చూడటానికి చిరుగుల బట్టల్లా ఉన్నాయి. అలాగే ఉండనిస్తాను.

10వ వారం

పక్కపక్క గుంటల్లోని రెండు నమూనాల క్రమాలు అక్షరం తేడా లేకుండా ఒకటే. ఇద్దరు బిడ్డలూ ఒకే వారంలో చేరినవారు. "వార్డులో ఒకరి నుంచి ఒకరికి అంటింది" అని చర్చ మొదలైంది. నేను ఆ మాట కాగితం మీద పెట్టనివ్వలేదు. పెడితే మొదట తలదించుకోవాల్సి వచ్చేది ఆ వార్డు సిస్టర్లు.

ఫ్రీజర్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచిన రెండో గొట్టాల నుంచి, ఇద్దరివీ మళ్లీ మొదటి నుంచి, వేరువేరు రోజుల్లో, దూరంగా ఉన్న గుంటల్లో చేశాం. మొదటి బిడ్డ క్రమం అలాగే నిలిచింది. రెండో బిడ్డ నమూనాలో ఈసారి వచ్చింది బి ఉపరకం. మొదటిసారి పక్క గుంటలోని పెంచిన డీఎన్‌ఏ చిందింది. వైరస్ చాలా ఎక్కువగా ఉన్న నమూనా పక్కన చాలా తక్కువగా ఉన్నది పెడితే ఒక్క బొట్టు చాలు. కంట్రోళ్లు రెండూ శుభ్రంగానే ఉన్నాయి, కానీ అవి పళ్లెం చివర్లో ఉన్నాయి. చిందు అక్కడిదాకా వెళ్లలేదు. ఇక నుంచి కంట్రోళ్లు పళ్లెం మధ్యలోనూ ఉంటాయి, సీటీ విలువలు దగ్గరగా ఉన్నవే పక్కపక్కన ఉంటాయి.

11వ వారం

ఎఫ్ జన్యువులు చూశాం. ఇది తక్కువ మారుతుందని ముందే రాశాను, అందుకే ఇక్కడ ఒక్క అక్షరం మారినా ఎక్కువసేపు చూడాలి.

2022లో యూరప్‌లో, 2023లో అమెరికాలో అనుమతి పొందిన నిర్సెవిమాబ్ అనే ప్రతిరక్షకం, కణంలోకి దూరకముందు ఎఫ్ ఉండే రూపాన్ని పట్టుకుంటుంది. పుట్టిన బిడ్డకు ఒక్క ఇంజెక్షను ఇస్తే నెలల పాటు రక్షణ. గర్భిణికి ఇచ్చే టీకా కూడా 2023లోనే అనుమతి పొందింది. ఆ ఎఫ్ రూపం ఎలా ఉంటుందో 2013లో తేలాకే ఇవి సాధ్యమయ్యాయి. నిర్సెవిమాబ్ అతుక్కునే చోటు ఎఫ్‌లో 62 నుంచి 69 వరకు, 196 నుంచి 212 వరకు ఉన్న అమైనో ఆమ్లాలు. మా క్రమాల్లో ఆ స్థానాలు ఒక్కొక్కటీ చూసి పట్టిక వేశాం.

దీనికి వెనుక ఒక పాఠం ఉంది. సుప్టావుమాబ్ అనే మరో ప్రతిరక్షకం పెద్ద పరీక్షలో 2017లో విఫలమైంది. చూస్తే, అప్పుడు తిరుగుతున్న బి ఉపరకం వైరస్‌లో ఎఫ్ 172, 173 స్థానాల్లో రెండే రెండు అమైనో ఆమ్లాలు మారాయి. ప్రతిరక్షకం వాటికి అతుక్కోలేకపోయింది. ఏళ్ల శ్రమ, వందల కుటుంబాల నమ్మకం, రెండు స్థానాల దగ్గర ఆగిపోయాయి.

నమూనాలు ఆగకముందు వార్డులో ఒక తల్లి నన్ను అడిగింది, ఈ పరీక్ష వల్ల మా పాపకు తగ్గుతుందా అని. తగ్గదని నిజమే చెప్పాను. ఎ అయినా బి అయినా ఈ రాత్రి ఇచ్చేది అదే ఆక్సిజన్, అవే ద్రవాలు. తరువాత పుట్టబోయే పిల్లలకు వేసే మందు పనిచేస్తుందో లేదో ముందే తెలియడానికి ఇది కావాలని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి సంతకం పెట్టింది. ఈ పట్టికలో ఏ గడి నింపేటప్పుడైనా నాకు గుర్తొచ్చేది ఆ సంతకం.

13వ వారం

వంశవృక్షం సిద్ధమైంది. 2024లో వెలువడిన కొత్త పేర్ల పద్ధతి ప్రకారం మా ఎ ఉపరకాలు ఎ.డి కింద, బి ఉపరకాలు బి.డి కింద వచ్చే శాఖల్లోకి చేరాయి. ఒకే కాలంలో, ఒకే వార్డుకు వచ్చిన పిల్లల్లో వైరస్ ఒక్క కొమ్మది కాదు. రెండు ఉపరకాలూ ఉన్నాయి, ఒక్కో దానిలో దూరదూరంగా ఉన్న శాఖలున్నాయి. ఒక్క వైరస్ వచ్చి అందరికీ అంటిన కాలం కాదిది. వేరువేరు దారుల్లో వచ్చిన చాలా వైరస్‌లు ఒకే గది చేరాయి. ఏ శాఖ వల్ల జబ్బు ఎక్కువ తీవ్రమవుతుందని నన్ను ఇప్పటికే ఇద్దరు అడిగారు. ఇన్ని తక్కువ నమూనాలతో, నెలలు నిండకుండా పుట్టినవారినీ గుండె లోపం ఉన్నవారినీ విడదీయకుండా, ఆ మాట చెప్పను.

కొత్త అనుమతి పత్రానికి ఆమోదం వచ్చింది. సిస్టర్‌కు ముందుగా నేనే ఫోను చేసి చెప్పాను.

మిగిలినవి ఫ్రీజర్ పై అరలో ఉన్న గొట్టాలు. వాటిలో మనిషి జన్యువు స్పష్టంగా ఉంది, మా జాబితాలోని వైరస్ ఒక్కటీ లేదు. బ్యాక్టీరియా కావచ్చు, జబ్బు ఊపిరితిత్తుల లోపలికి దిగి ముక్కు ఖాళీ అయి ఉండవచ్చు, మా ప్రైమర్లు పట్టుకోలేని వైరస్ కావచ్చు. సోమవారం వాటి ఆర్‌ఎన్‌ఏ మళ్లీ తీస్తాం. ఈసారి ఏ వైరస్‌కూ ప్రత్యేకించిన ప్రైమర్లు వాడం. గొట్టంలో ఉన్న ఆర్‌ఎన్‌ఏ అంతా చదువుతాం. నీళ్ల కంట్రోళ్లు నాలుగు, పళ్లెం మధ్యలో రెండు. వరుసలో మొదటిది, "2 నెలలు" అని రాసి ఉన్నది.